రోమన్లకూ ఉందో పంచెకట్టు!

ఆరు మీటర్ల ఉన్ని బట్ట. గుండీ లేదు, పిన్ను లేదు, ముడి కూడా లేదు. అది ఒంటిమీద ఉంటే రోమ్ పౌరుడు, లేకపోతే పరాయివాడు. దాదాపు వెయ్యేళ్లు దర్జా వెలగబెట్టిన ఆ బట్ట పేరు టోగా. దాని కథ వింటుంటే మన బీరువా అడుగున మడతపెట్టి ఉన్న పంచెల చాపు గుర్తుకురాక మానదు.

బన్సీలాల్‌పేట్ గల్లీలో షామియానా కనిపించిందంటే లోపల జరిగేది పెళ్లే కానక్కర్లేదు. మంచి ముహూర్తాలున్న నెలల్లో సికింద్రాబాద్ పాత పేటల్లో ఏ మలుపు తిరిగినా ఒక ఫ్లెక్సీ పలకరిస్తుంది. అందులో నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లాడి నిలువెత్తు ఫొటో, కింద ‘ధోతీ ఫంక్షన్’ అని పెద్ద అక్షరాలు. పెద్దవాళ్ల నోట అదే పంచెల వేడుక. తొమ్మిదో ఏటో పదకొండో ఏటో ఒక మంచిరోజు చూసి, పిల్లాణ్ని పీటల మీద కూర్చోబెట్టి, మేనమామ తెచ్చిన పట్టుపంచె కడతారు. అప్పటిదాకా నిక్కరులో తిరిగినవాడు అందరి ముందూ పెద్దమనిషిలా నిలబడతాడు. ఒక చేయి మాత్రం నడుము దగ్గరే ఉంటుంది. ఎక్కడ ఊడిపోతుందోనని భయం మరి!

వీడియో తీసేవాళ్లు, భోజనాల వరసలు, డీజే పాటలు... ఈ హడావుడి అంతా చూసి ‘ఇదంతా ఈమధ్య వచ్చిన ఆర్భాటం’ అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. ఆర్భాటం సంగతి ఎలా ఉన్నా, అసలు వేడుక మాత్రం ఒక్క మన సొంతం కాదు. పిల్లాడికి పెద్దల బట్ట కట్టి ‘నువ్విక మాలో ఒకడివి’ అని ఊరందరికీ చూపించే ఆచారం రెండువేల ఏళ్ల కిందట రోమ్ నగరంలోనూ ఉంది. వాళ్లు కట్టింది పంచె కాదు, టోగా. అంతే తేడా.

మార్చి 17... పెద్దమనిషి అయ్యే రోజు

రోమ్‌లో స్వేచ్ఛగా పుట్టిన పిల్లలు ఊదారంగు అంచున్న టోగా కట్టేవారు. మెడలో ‘బుల్లా’ అనే తాయెత్తు ఉండేది. దిష్టి తగలకుండా కట్టేది, మన పిల్లలకు కట్టినట్టే. పద్నాలుగు, పదహారేళ్ల మధ్య వయసు రాగానే తండ్రి ఒక రోజు నిర్ణయించేవాడు. ఎక్కువమంది ఎంచుకునేది మార్చి 17న వచ్చే లిబరాలియా పండగ. ఆ ఉదయం కుర్రాడు తాయెత్తు తీసి ఇంటి దేవతల ముందు పెట్టేవాడు. అంచు టోగా విప్పేసి, ఏ రంగూ లేని తెల్లని టోగా చుట్టుకునేవాడు. తర్వాత బంధువులూ స్నేహితులూ వెంటరాగా ఊరేగింపుగా నగరం నడిబొడ్డున ఉన్న ఫోరమ్‌కు వెళ్లేవాడు. పౌరుల జాబితాలోకి పేరు ఎక్కేది. ఆ పండగ రోజు వీధుల్లో ముసలమ్మలు తేనె రొట్టెలు చేసి అమ్మేవారట. శుభకార్యానికి మనకు అరిసెలు లేకపోతే ఎలాగో, వాళ్లకూ అలాగే!

ఆడపిల్లల సంగతి వేరు. చిన్నప్పుడు వాళ్లూ అంచు టోగానే కట్టేవారు. పెళ్లినాటికి దాన్ని వదిలేసి, చిన్ననాటి బొమ్మలతోపాటు దేవతలకు సమర్పించేవారు. వాళ్లకు పెద్దరికం పెళ్లితోనే. మనదగ్గర ఓణీల ఫంక్షన్‌కు జరిగే సందడి చూస్తే రోమ్ ఆడపిల్లలు అసూయపడేవారేమో.

ఈ టోగా వేడుకల్లో ఒకదాని ఆనవాలు నేరుగా మన దక్కను దాకా వచ్చింది. అదీ వెండి రూపంలో.

రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్‌కు ఇద్దరు మనవలు, గాయస్, లూసియస్. ఇద్దర్నీ కొడుకులుగా దత్తత తీసుకున్నాడు. తన తర్వాత రాజ్యం వాళ్లదేనని ఆశ. క్రీ.పూ. 5లో గాయస్‌కూ, క్రీ.పూ. 2లో లూసియస్‌కూ టోగా వేడుక చేశాడు. రెండుసార్లూ తాతే స్వయంగా మనవణ్ని ఫోరమ్‌కు తీసుకెళ్లాడు. ఆ సంబరంలో నాణెం కూడా వేయించాడు. ఒకవైపు అగస్టస్ తల. రెండోవైపు టోగాలు చుట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లు, డాళ్ల మీద చేతులు ఆనించి నిలబడి ఉంటారు. మనవాళ్లు ఫ్లెక్సీ కట్టిస్తే చక్రవర్తి నాణెం కొట్టించాడన్నమాట!

ఆ వెండి దీనార్లు మిరియాలకూ రత్నాలకూ నూలుబట్టలకూ ధరగా ఓడలెక్కి దక్షిణ భారతానికి వచ్చాయి. ఇక్కడ దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించే రెండు రకాల్లో ఈ మనవల నాణెం ఒకటి. సికింద్రాబాద్ నుంచి రెండు మూడు గంటల దూరం, నల్గొండ జిల్లా అక్కెనపల్లి. అక్కడ ఒకేచోట పదిహేను వందలకు పైగా రోమన్ దీనార్లు బయటపడ్డాయి. అగస్టస్, అతని తర్వాత వచ్చిన తిబేరియస్ కాలాల నాణేలకు ఆ కుప్ప పేరుపడింది. కరీంనగర్ వైపు పెద్దబంకూరులోనూ రోమన్ నాణేలు దొరికాయి. పాపం, తాత ఆశ మాత్రం తీరలేదు. లూసియస్ క్రీ.శ. 2లో, గాయస్ క్రీ.శ. 4లో పోయారు. రాజ్యం తిబేరియస్‌కు దక్కింది. ఎక్కువగా కనిపించే రెండో రకం నాణెం అతనిదే.

కట్టుకోవడం వేరు, తొడుక్కోవడం వేరు

మనం చొక్కా ‘తొడుక్కుంటాం’. పంచె ‘కట్టుకుంటాం’. కండువా ‘వేసుకుంటాం’, దుప్పటి ‘కప్పుకుంటాం’. పంచె తొడుక్కున్నాడని ఎవరైనా అంటే నవ్వుతాం. కుట్టిన బట్టకూ కుట్టని బట్టకూ మధ్య ఉన్న గీతను మన భాష అంత జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చింది. లాటిన్‌లోనూ అంతే. లోపల వేసే ట్యూనిక్‌కు ఒక క్రియ, పైన చుట్టే టోగాకు మరో క్రియ. చుట్టే బట్ట ఎక్కడ పుట్టినా ఒంటికి దాన్ని అమర్చడం ఒక పనే. అది చేతులు నేర్చుకోవాల్సిన పని.

టోగా తేలికైన బట్టేం కాదు. సామ్రాజ్యం వెలిగిపోతున్న రోజుల్లో దాని పొడవు సుమారు ఆరు మీటర్లు, వెడల్పు ఎక్కువగా ఉన్నచోట రెండు మీటర్లకు పైనే. అడుగు అంచు అర్ధచంద్రాకారంలో వంపు తిరిగి ఉంటుంది. ఒక కొస ఎడమ భుజం మీంచి ముందుకు కాళ్లదాకా వేలాడేస్తారు. మిగతా బట్టను వీపు వెనక నుంచి తెచ్చి, కుడిచేతి కింద నుంచి తీసి, ఛాతీ మీదుగా మళ్లీ ఎడమ భుజం మీదకు విసిరేస్తారు. అంతే... ఆపేది ఏమీ లేదు. బట్ట బరువే బట్టను పట్టి ఉంచాలి. ఎడమచేయి మడిచి పట్టుకుంటే తప్ప జారిపోతుంది. అంటే టోగా కట్టినవాడు ఒంటిచేత్తోనే పని చేసుకోవాలి. మూట మోయలేడు, పరుగెత్తలేడు. ‘నాకు ఆ అవసరం లేదు’ అని చెప్పడమే దాని ఉద్దేశం అనుకోవాలి.

కోర్టులో వాదించేవాళ్లు ఎలా కట్టాలో, ఎక్కడిదాకా వేలాడాలో, వాదన వేడెక్కినప్పుడు భుజం మీంచి జారితే ఏం చేయాలో క్వింటిలియన్ అనే అలంకార శాస్త్ర పండితుడు క్రీ.శ. మొదటి శతాబ్దంలో వివరంగా రాశాడు. పెద్దలకు టోగా కట్టడానికి బానిసలు ఉండేవారు. తర్వాత్తర్వాత మడతలు ఎంత పెరిగాయంటే, ముందురోజు రాత్రే కుచ్చెళ్లు తీర్చి, సన్నని చెక్కపలకలతో నొక్కి, పట్టుకార్లతో బిగించి ఉంచేవారట. మూడో శతాబ్దం తొలినాళ్లలో టెర్టూలియన్ అనే రచయిత ఈ తంతును తెగ ఎగతాళి చేశాడు. ఇప్పటి రెడీమేడ్ పంచెల కుచ్చెళ్లు చూస్తే ఆయన ఏమనేవాడో!

ఆ లెక్కన మన పంచె ఎంత తెలివైన బట్టో చూడండి. మధ్యభాగం నడుము వెనక ఆనించి, రెండు కొసలూ ముందుకు తెచ్చి ముడి వేస్తారు. ఒక కొసను కుచ్చెళ్లు పోసి కాళ్ల మధ్య నుంచి తీసి వెనక గోచీ దోపుతారు. రెండో కొసను మడతలు పెట్టి ముందు దోపుతారు. రెండు చేతులూ ఖాళీ! దాంతో నాగలి దున్నొచ్చు, చెట్టెక్కొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, పురాణం చెప్పొచ్చు. మోకాళ్ల పైకి ఎగగడితే పొలానికి, కిందికి వదిలితే పేరంటానికి. కట్టడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. టోగాతో నిజంగా పోల్చాల్సింది పంచెను కాదేమో, భుజం మీది ఉత్తరీయాన్ని. పని చేసేటప్పుడు తీసి పక్కన పెట్టేది, పెద్దలొస్తే మళ్లీ భుజాన వేసుకునేది అదే కదా.

రోమన్లకూ అలాంటి కథే ఒకటుంది. క్రీ.పూ. 458లో రోమ్‌కు పెద్ద ఆపద వచ్చింది. సర్వాధికారాలూ ఇస్తాం రమ్మని పిలవడానికి పెద్దలు సిన్సినాటస్ దగ్గరకు వెళ్లారు. ఆయనేమో పొలంలో పనిచేసుకుంటున్నాడు. ‘ముందు టోగా కట్టుకో, సెనేట్ మాట చెబుతాం’ అన్నారు వాళ్లు. ఆయన భార్యను కేకేసి గుడిసెలోంచి టోగా తెప్పించుకుని, చెమటా మట్టీ తుడుచుకుని, అది కప్పుకున్నాకే సంగతి విన్నాడని చరిత్రకారుడు లివీ రాశాడు. మనూళ్లలో కరణంగారో మేష్టారో వస్తుంటే గట్టుమీది కండువా అందుకున్న తాతలు గుర్తొస్తారు.

తెల్లగా మెరిస్తేనే క్యాండిడేటు!

మామూలు టోగా గొర్రె ఉన్ని రంగులోనే ఉండేది. ఎన్నికల్లో నిలబడేవాళ్లు మాత్రం సుద్ద రుద్ది మిలమిల మెరిసేలా చేయించేవారు. జనంలో కొట్టొచ్చినట్టు కనిపించాలిగా! ఆ మెరిసే టోగాను ‘కాండిడా’ అన్నారు. అది కట్టినవాడు ‘కాండిడాటస్’. మన నోట నలిగే క్యాండిడేటు అదే. ఇలా తెలుపు పులుముకుని ఓట్లు అడగకూడదని క్రీ.పూ. 432లోనే చట్టం చేశారని లివీ అంటాడు. ఆ చట్టం ఎంత బాగా పనిచేసిందో క్యాండిడేటు అనే మాట ఇంకా బతికి ఉండటమే చెబుతోంది. గంజిపెట్టిన తెల్లపంచె, తెల్లచొక్కా లేకుండా ప్రచారానికి బయల్దేరే నాయకుణ్ని మన దగ్గరా ఊహించలేం. ఆ తెలుపు అర్థం ఏమిటో ఓటరుకు చెప్పక్కర్లేదు.

ఆ తెలుపు వెనక చాకిరి ఉంది. రోమ్ చాకలివాళ్లు టోగాలను తొట్లలో వేసి కాళ్లతో తొక్కేవారు. మురికి వదలడానికి వాడింది... ఊపిరి బిగబట్టి చదవండి... పులిసిన మూత్రం! దాన్ని వీధుల్లో కుండలు పెట్టి సేకరించేవారు. వెస్పాసియన్ చక్రవర్తి దాని మీద పన్ను కూడా వేశాడు. తర్వాత చౌడుమన్నుతో ఉతికి, గంధకపు పొగ పట్టించి, సుద్దతో మెరుగుపెట్టేవారు. మన రేవుల్లో చౌడు వేసి ఉబ్బకు పెట్టి, బండకేసి బాది తెల్లపంచెలు తయారుచేసినవాళ్ల కష్టం ఇంతకు తక్కువేం కాదు. తెల్లబట్ట కట్టినవాడి పేరే చరిత్రకెక్కుతుంది. తెల్లగా చేసినవాడి పేరు ఏ దేశంలోనూ ఎక్కలేదు.

ఎవరు కట్టొచ్చు? ఎవరు కట్టకూడదు?

టోగా బట్ట కాదు, గుర్తింపు కార్డు. బానిసకు అది లేదు. విదేశీయుడికి లేదు. దేశ బహిష్కరణ పడ్డ పౌరుడికీ ఆ హక్కు పోయేది. చక్రవర్తి క్లాడియస్ ముందుకు ఒకసారి ఒక కేసు వచ్చింది. పౌరుడు కాకపోయినా పౌరుణ్నని చెప్పుకుంటున్నాడని ఒకడి మీద ఆరోపణ. విచారణకు వాడు టోగా కట్టుకుని రావాలా, గ్రీకుల పైబట్ట వేసుకుని రావాలా అని వకీళ్లు మొదట్లోనే తగువు పడ్డారు. క్లాడియస్ తేల్చేశాడు. ఆరోపణ చేసేవాళ్లు మాట్లాడుతున్నంతసేపూ గ్రీకు బట్ట, వాణ్ని సమర్థించేవాళ్లు మాట్లాడుతున్నప్పుడు టోగా! పాపం ఆ మనిషి కోర్టులోనే బట్టలు మారుస్తూ కూర్చున్నాడు. నవ్వొచ్చే కథే. కానీ ఒంటిమీది బట్ట మనిషి తలరాతను తేల్చేదన్న మాట అందులో ఉంది. ఆడవాళ్ల విషయంలో అదే టోగా తలకిందులైంది. గౌరవంగల ఇల్లాలి దుస్తు స్టోలా. పెద్దయ్యాక టోగా కట్టిన స్త్రీ అంటే సంఘం దృష్టిలో వెలిపడ్డ మనిషి. మగవాడికి గౌరవమైన బట్టే ఆడదానికి అవమానం అయింది.

మనవైపు చట్టం రాయలేదు గానీ ఆచారం అంతపనీ చేసింది. తెలంగాణలో దొరల గడీల ముందు నడిచేటప్పుడు కింది కులాలవాళ్లు చెప్పులు చేత పట్టుకోవాలి, భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకోవాలి. మోకాలు దాటి పంచె జారితే పొగరు కింద లెక్క. ‘తాతల నాటి పంచెకట్టు’ అని మురిసిపోయే ముందు, ఆ తాతల్లో ఎంతమందికి దాన్ని కాళ్లదాకా దించి కట్టుకునే ధైర్యం ఉండేదో కూడా తలచుకోవాలి. ఈ కోణంలో చూస్తే బన్సీలాల్‌పేట్ లాంటి బస్తీలో రోజుకూలీ చేసుకునే తండ్రి అప్పుచేసైనా కొడుక్కి పట్టుపంచె కట్టించి ఫ్లెక్సీ పెట్టించుకోవడం ఒట్టి ఆర్భాటంలా కనిపించదు.

ఒకప్పుడు పంచె కట్టడమే తప్పయిన చోట్లూ ఉన్నాయి. తెల్లదొరలు పెట్టిన క్లబ్బుల్లో ప్యాంటూ బూటూ లేనిదే లోపలికి రానిచ్చేవారు కాదు. దొరలు పోయినా ఆ నియమం కొన్నిచోట్ల మిగిలిపోయింది. 2014 జులైలో చెన్నైలోని ఒక క్లబ్బు, పంచె కట్టుకుని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి పంపలేదు. గొడవ అసెంబ్లీదాకా వెళ్లింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం అలాంటి నిషేధాలు చెల్లవని చట్టం తెచ్చింది.

ప్యాంటు మీద నిషేధం

మరి అంత ప్రతిష్ఠ ఉన్న టోగా ఏమైపోయింది? ఎవరూ నిషేధించలేదు. జనానికే విసుగొచ్చింది. అగస్టస్ కాలానికే మనుషులు దాన్ని తప్పించుకు తిరగడం మొదలైంది. ఫోరమ్‌లోకి టోగా లేనివాళ్లను రానివ్వొద్దని ఆయన ఉత్తర్వు వేయాల్సి వచ్చింది. పొద్దున్నే టోగా చుట్టుకుని పెద్దల ఇళ్ల ముందు పడిగాపులు కాయలేక చస్తున్నామని కవి మార్షల్ వాపోయాడు. ఇటలీ పల్లెల్లో చాలామందికి టోగా యోగం చచ్చాకే, పాడె మీదే అని జువెనల్ వెక్కిరించాడు. 382లో సెనేటర్లు సభకు టోగాలోనే రావాలని చట్టం వచ్చింది. నాలుగో శతాబ్దం చివర్లో హొనోరియస్ చక్రవర్తి ఇంకో అడుగు వేసి, రోమ్ నగరంలో ప్యాంట్లు వేసుకోవడాన్నే నిషేధించాడు. అవి అనాగరికుల దుస్తులట! ఆ నిషేధాలను మళ్లీ మళ్లీ జారీ చేశారు. అంటే ఎవరూ వినలేదనేగా. చివరికి టోగా కొద్దిమంది పెద్దల ఉత్సవ వేషంగా మిగిలింది. ప్యాంటు ప్రపంచాన్ని గెలుచుకుంది.

మన దగ్గరా ప్యాంటు ఏ ఉత్తర్వూ లేకుండానే గెలిచింది. 1806లో సికందర్ జా పేరుమీద వెలసిన సికింద్రాబాద్‌కు ప్యాంటు దండుతోపాటే వచ్చింది. దండు బజార్ల దర్జీలు, రైల్వే కొలువులు, తర్వాత మిల్లులు, ఆఫీసులు... ఒక్కో తరం ఒక్కో మెట్టు దిగుతూ పంచెను ఇంట్లో వదిలేసింది. ప్రధానిగా పి.వి.నరసింహారావు, 2003 పాదయాత్ర నుంచీ వై.ఎస్.రాజశేఖరరెడ్డి, పెద్దవయసులో అక్కినేని నాగేశ్వరరావు పంచెకట్టుతోనే జనం కళ్లలో నిలిచిపోయారు. వాళ్లను చూసి మెచ్చుకున్నవాళ్లెవరూ ఆ మర్నాడు ఆఫీసుకు పంచె కట్టుకుని వెళ్లలేదు.

ఇక్కడే ఒక చిత్రం కూడా ఉంది. టోగా ఉన్నిది. ఎండాకాలంలో నరకం. అలాంటివాళ్లకు సన్నటి నూలుబట్ట పంపింది మన తీరమే. క్రీ.శ. మొదటి శతాబ్దపు ఒక గ్రీకు నావికుడి పుస్తకం, మసాలియా అనే చోట పలుచటి నూలుబట్టలు విస్తారంగా నేస్తారని చెబుతుంది. అది మన మచిలీపట్నం ప్రాంతమేనని చరిత్రకారుల లెక్క. ఏటా 5 కోట్ల సెస్టర్సుల సొమ్ము భారతదేశం లాగేస్తోందని ప్లినీ గుండెలు బాదుకున్నాడు. ఆ నేతకు వారసులు ఇప్పటికీ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, నూరో నంబరు దాకా సన్నని నూలు తీసి పంచెలు నేస్తారు. గాంధీజీ ఆ బట్ట సంగతి విని, చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను పంపారు. ఆ పంచె బతకాలంటే కొనేవాడు ఉండాలి. కొన్నవాడికి కట్టడం రావాలి.

రెండోదే కష్టంగా ఉంది. జనరల్ బజార్ వైపు వెళ్లి పిల్లల పంచె అడిగితే ముందుగా చూపించేది నడుముకు ఎలాస్టిక్ ఉన్నదే. పెద్దలకైతే వెల్‌క్రో పట్టీ, పక్కన సెల్‌ఫోన్‌కు జేబు. కుచ్చెళ్లు ముందే కుట్టి ఉంటాయి. నిజానికి దాన్ని కట్టుకోరు, తొడుక్కుంటారు. ఫంక్షన్ గంటసేపటికి అది చాలు. తప్పు పట్టాల్సిన పని లేదు.

మీ ఇంట్లో పిల్లాడికి నిజంగా కట్టడం నేర్పాలనుకుంటే మాత్రం పట్టుపంచెతో మొదలుపెట్టకండి, జారిపోతుంది. నాలుగైదుసార్లు ఉతికి మెత్తబడిన నూలు పంచె తీయండి. ముందు ముడి ఒక్కటే వారం రోజులు నేర్పండి. ముడి గట్టిపడితే గోచీ దానంతటదే కుదురుతుంది. నేర్పే తాతయ్యో నాన్నో ఎదురుగా కాకుండా, పిల్లాడి వెనక నిలబడి చేతులు ముందుకు చాచి కట్టాలి. అప్పుడైతే కుడి ఎడమలు తారుమారు కావు.